మైక్రోస్కోపు కింద నీడ పడాలి: బెంచ్‌కి రెండు చేతుల ఎల్‌ఈడీ లైటు చేసుకోవడం ఎలా

గోడకి పుట్టీ పట్టే మేస్త్రీని ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతున్నా సరే, ఆఖరి చెయ్యి వేసే ముందు ఒక బల్బు తెచ్చి గోడకి దాదాపు ఆనించి పట్టుకుంటాడు. వెలుతురు గోడ వెంబడి పాకుతుంది. అప్పటిదాకా నున్నగా ఉందనుకున్న గోడ మీద గుంటలూ బొడిపెలూ ఒక్కొక్కటే బయటపడతాయి. మొబైల్ ఫోన్ల బోర్డులు రిపేరు చేసేవాళ్లకి కావలసిన వెలుతురు కూడా అదే. మన మైక్రోస్కోపులకి ఉండే వెలుతురు మాత్రం దానికి పూర్తిగా వ్యతిరేకం.

స్టీరియో మైక్రోస్కోపు కొంటే సాధారణంగా లెన్స్ చుట్టూ బిగించే రింగ్ లైట్ కూడా ఇస్తారు. అన్ని వైపుల నుంచీ వెలుతురు సమానంగా పడుతుంది కాబట్టి నీడ ఉండదు. నీడ లేకపోతే ఎత్తుపల్లాలు తెలియవు. పైగా సోల్డర్ (భాగాల్ని బోర్డుకి అతికే లోహం) బొట్టు చిన్న ఉబ్బెత్తు అద్దం లాంటిది. రింగ్ మొత్తం అందులో ప్రతిబింబించి, ప్రతి జాయింటు నెత్తిన ఒక తెల్లటి చక్రం కనిపిస్తుంది. మనం చూడాల్సింది తరచూ ఆ చక్రం కిందే దాక్కుని ఉంటుంది.

ఒకసారి చార్జింగ్ ఎక్కని ఫోను ఒకటి నా దగ్గరికి వచ్చింది. రింగ్ లైట్ కింద చాలాసేపు చూశాను. కనెక్టర్ కాళ్లన్నీ మెరుస్తూ బాగానే ఉన్నాయి. చార్జింగ్ ఐసీ (చిప్పు) మార్చాలేమోనని, దాన్ని ఊడదీసే వేడి గాలి యంత్రం హాట్ ఎయిర్ కూడా ఆన్ చేశాను. ఎందుకో ఒకసారి రింగ్ ఆపి, ఫోను టార్చ్ పక్క నుంచి పట్టుకుంటే ఒక కాలి చుట్టూ వెంట్రుకంత నల్ల గీత కనిపించింది. పగిలిన జాయింటు. కాస్త ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటడానికి పూసేది) పెట్టి సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే సరిపోయింది. లేకపోతే బాగున్న ఐసీని పీకేసేవాణ్ణి, ఆ బోర్డు ప్యాడ్లు (కాళ్లు అతికే రాగి మచ్చలు) లేచిపోయినా ఆశ్చర్యం లేదు. ఆ వారమే ఈ లైటు కట్టుకున్నాను.

ముందు ఒక రూపాయి బిళ్ల

ఏమీ కొనకముందు ఈ పరీక్ష చేయండి. రింగ్ ఆపేసి మైక్రోస్కోపు కింద రూపాయి బిళ్ల పెట్టండి. ఫోను టార్చ్‌ని మొదట పై నుంచి, తర్వాత మెల్లగా కిందికి దించుతూ, చివరికి బిళ్లకి దాదాపు సమానంగా వచ్చేదాకా పక్క నుంచి పట్టుకోండి. ఒక దశలో అక్షరాలు ఒక్కసారిగా లేచి నిలబడతాయి. ఆ కోణం గుర్తుంచుకోండి. చాలామందికి అది 15 నుంచి 30 డిగ్రీల మధ్య వస్తుంది.

ఇప్పుడు టార్చ్‌ని బిళ్ల చుట్టూ తిప్పండి. బెంచ్‌ని గడియారం అనుకుంటే, మీ వైపు 6, అవతలి వైపు 12. వెలుతురు 12 వైపు నుంచి వస్తే అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. 6 వైపు నుంచి వస్తే చాలాసార్లు అవే అక్షరాలు లోపలికి చెక్కినట్టు కనిపిస్తాయి. వెలుతురు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మన మెదడుకి అలవాటు, అందుకే ఈ భ్రమ. ఐపీస్‌లో (కళ్లు ఆనించి చూసే గొట్టాల్లో) రెండు కళ్లతో చూస్తున్నప్పుడు లోతు తెలుస్తుంది కాబట్టి ఇది తక్కువ. కెమెరా పెట్టి మానిటర్‌లో చూసేవాళ్లకి మాత్రం నిజమైన చిక్కు: లేచిన ప్యాడ్ గుంటలా, గుంట బొడిపెలా అనిపిస్తుంది. అందుకే మన ముఖ్యమైన లైటు ఎప్పుడూ 10, 11 గంటల స్థానంలో ఉండాలి.

ఈ పరీక్షలోనే తయారీ మొత్తం తేలిపోయింది. మనకి కావలసింది ఎక్కువ వెలుతురు కాదు, కదిలించగలిగే వెలుతురు. వంగే చేతులు రెండు, ఒక్కోదానికి దాని సొంత స్విచ్, సొంత వెలుగు స్థాయి. ఒకటి గట్టి నీడ వేసేది, ఇంకొకటి ఆ నీడని కాస్త మెత్తబరిచేది.

కావలసిన సామాను

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ భాగాలన్నీ దొరుకుతాయి. వేరే ఊళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. సగం సామాను మాత్రం మన స్క్రాప్ డబ్బాలోనే ఉంటుంది.

- 3 వాట్ల తెల్ల ఎల్‌ఈడీలు రెండు, 20 మిల్లీమీటర్ల అల్యూమినియం స్టార్ ప్లేటు మీద బిగించినవి
- దానికి సరిపోయే 30 డిగ్రీల ప్లాస్టిక్ లెన్స్ ఒకటి
- పాత కంప్యూటర్ మదర్‌బోర్డుల మీది చిన్న చిప్‌సెట్ హీట్ సింకులు (వేడిని లాగే రెక్కల లోహపు ముక్కలు) రెండు, 40 మిల్లీమీటర్లవి
- ఎల్‌ఎం317 రెగ్యులేటర్లు (కరెంటుని కట్టడి చేసే మూడు కాళ్ల చిప్పులు) రెండు, వాటికి స్క్రూ హీట్ సింకులు రెండు
- 39 ఓం, 15 ఓం, 4.7 ఓం రెసిస్టర్లు రెండేసి. 4.7 ఓం మాత్రం 1 వాట్‌ది తీసుకోండి
- మధ్యలో ఆఫ్ ఉండే మూడు స్థానాల టోగుల్ స్విచ్‌లు రెండు, మామూలు ఆన్ ఆఫ్ స్విచ్‌లు రెండు
- 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు
- 9 వోల్టుల, 1 ఆంప్ అడాప్టర్, డీసీ జాక్
- పాత స్టడీ లాంప్‌ల స్టీల్ వంపు గొట్టాలు రెండు, సుమారు 30 సెంటీమీటర్ల పొడవు
- టేబుల్ టెన్నిస్ బంతి ఒకటి, థర్మల్ పేస్ట్, సన్నని సిలికాన్ వైరు, ప్లాస్టిక్ డబ్బా

ఎల్‌ఈడీ రంగు దగ్గర రాజీ పడకండి. షాపులో అడక్కపోతే కూల్ వైట్ చేతిలో పెడతారు, అది 6500 కెల్విన్ చుట్టుపక్కల ఉండి నీలంగా కొడుతుంది. నేచురల్ వైట్ అడగండి, 4000 నుంచి 5000 కెల్విన్. దొరికితే సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉన్నది. కాలిన ఫ్లక్స్ గోధుమ రంగు, బయటపడిన రాగి ఎరుపు, తుప్పు పచ్చదనం ఇవన్నీ మనకి రోగ లక్షణాలు. నీలపు వెలుతురులో అవి ఒకదానికొకటి కలిసిపోతాయి. రోజంతా చూస్తే కళ్లూ మండుతాయి.

లేత్ షాపుల్లో కూలెంట్ కోసం వాడే ముక్కల ముక్కల ప్లాస్టిక్ గొట్టాలు కూడా వంపు చేతులకి బాగుంటాయని చాలామంది అంటారు. వంగడానికి బాగానే ఉంటాయి. కానీ హాట్ ఎయిర్ పక్కన ప్లాస్టిక్ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. స్టీల్ గొట్టమే తీసుకోండి.

లైటు తలలు

స్టార్ ప్లేటుకి వైర్లు ముందే సోల్డర్ చేసేయండి. ఒకసారి హీట్ సింక్ మీద బిగించాక సోల్డర్ చేయబోతే ఐరన్ వేడినంతా అల్యూమినియం తాగేస్తుంది, జాయింటు చల్లబడి గరుకుగా వస్తుంది. ప్యాడ్ల మీద ముందు కాస్త సోల్డర్ పూసి, వైరుకీ పూసి, రెండూ కలపండి. ప్లస్, మైనస్ గుర్తులు స్టార్ మీదే ఉంటాయి. అనుమానముంటే మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి చూడండి, మసగ్గా వెలుగుతుంది. కొన్ని మీటర్లు తెల్ల ఎల్‌ఈడీకి సరిపడా వోల్టేజీ ఇవ్వవు, వెలగకపోతే ఎల్‌ఈడీ పోయిందని కంగారు పడకండి.

తర్వాత హీట్ సింక్ అడుగు నున్నటి వైపు పాత పేస్ట్ తుడిచేసి, బియ్యపు గింజంత థర్మల్ పేస్ట్ రాసి, స్టార్‌ని రెండు చిన్న స్క్రూలతో బిగించండి. స్క్రూ తల సోల్డర్ ప్యాడ్‌కి తగలకుండా కింద ప్లాస్టిక్ వాషర్ వేయండి.

మొదటి తలకి 30 డిగ్రీల లెన్స్ పెట్టండి. ఇది గట్టి నీడలు వేసే లైటు. మైక్రోస్కోపులో మనం చూసే జాగా మహా అయితే రూపాయి బిళ్లంత, జూమ్ పెంచితే వేరుశనగ గింజంత. వెలుతురు అంత జాగాలో పడితే చాలు.

రెండో తలకి టేబుల్ టెన్నిస్ బంతిని సగానికి కోసి, అర చిప్పని ఎల్‌ఈడీ మీద బోర్లించండి. బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లు, హీట్ సింక్ కూడా అంతే, కొలిచి చేసినట్టు కూర్చుంటుంది. అక్షరాలు ముద్రించిన సగం వద్దు, తెల్లగా ఉన్న సగం వాడండి. ఒక్క జాగ్రత్త: పాత బంతులు సెల్యులాయిడ్‌తో చేసినవి, నిప్పు తగిలితే భగ్గుమంటాయి. బంతి మీద 40+ అని ఉంటే అది కొత్త రకం ప్లాస్టిక్. అదే తీసుకోండి.

ఇంత మెత్తని వెలుతురు ఎందుకంటే, ఒక్క గట్టి లైటే ఉంటే నీడలోని భాగం పూర్తిగా నల్లబడిపోతుంది. షీల్డ్ (భాగాల మీద కప్పే రేకు మూత) గోడ పక్కనున్న చిన్న కెపాసిటర్లు కనపడవు. రెండో చేతి నుంచి తక్కువ స్థాయిలో పలచని వెలుతురు వేస్తే నీడ మిగులుతుంది, నీడలో ఉన్నదీ కనిపిస్తుంది.

కరెంటు కట్టడి చేసే సర్క్యూట్

ఎల్‌ఈడీకి వోల్టేజీ కాదు, కరెంటు స్థిరంగా ఉండాలి. రెడీమేడ్ డిమ్మర్లు చాలావరకూ ఎల్‌ఈడీని సెకనుకి కొన్ని వందల సార్లు ఆపి, వెలిగించి, వెలుగు తగ్గిస్తాయి. కంటికి తెలియదు కానీ మైక్రోస్కోపు కెమెరా పెడితే మానిటర్ మీద నల్లచారలు పైనుంచి కిందికి పాకుతూ ఉంటాయి. ఎల్‌ఎం317తో కడితే ఆ గొడవే లేదు, తిన్నగా పారే డీసీ.

ఎల్‌ఎం317 మీద అక్షరాలు మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ కాలు అడ్జస్ట్, మధ్యది అవుట్, కుడిది ఇన్. ఒక్కో చేతికి కనెక్షన్ ఇలా:

1. అడాప్టర్ ప్లస్‌ని ఆన్ ఆఫ్ స్విచ్ మీదుగా ఇన్ కాలికి ఇవ్వండి. ఇన్ కాలికీ మైనస్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్.
2. అవుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య 39 ఓం రెసిస్టర్ శాశ్వతంగా పెట్టండి.
3. టోగుల్ స్విచ్ మధ్య కాలు అవుట్‌కి. ఒక చివరి కాలి నుంచి 15 ఓం, ఇంకో చివరి కాలి నుంచి 4.7 ఓం, రెండిటి అవతలి కొసలూ అడ్జస్ట్‌కి.
4. అడ్జస్ట్ కాలి నుంచి ఎల్‌ఈడీ ప్లస్‌కి. ఎల్‌ఈడీ మైనస్ నుంచి అడాప్టర్ మైనస్‌కి.

ఎల్‌ఎం317 అవుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు నిలబెడుతుంది. ఆ 1.25ని రెసిస్టర్ ఓంలతో భాగిస్తే వచ్చేదే ఎల్‌ఈడీ కరెంటు. టోగుల్ మధ్యలో ఉంటే 39 ఓం ఒక్కటే, 32 మిల్లీ ఆంప్‌లు. 15 ఓం వైపు వేస్తే మరో 83 కలిసి 115. 4.7 ఓం వైపు వేస్తే దాదాపు 300. మూడు స్థాయిలు చాలు. స్విచ్ మారేటప్పుడు కూడా 39 ఓం అంటుకునే ఉంటుంది కాబట్టి లైటు ఆరిపోదు. 3 వాట్ల ఎల్‌ఈడీలు సాధారణంగా 700 మిల్లీ ఆంప్‌ల వరకూ తట్టుకుంటాయి, మనం సగం కూడా ఇవ్వడం లేదు. కావాలనే. మన ఎండాకాలం 42 డిగ్రీల్లో, ఫ్యాన్ కూడా సరిగ్గా వేసుకోలేని బెంచ్ మీద, ఏళ్ల తరబడి పనిచేయాలి మరి.

9 వోల్టుల అడాప్టరే ఎందుకంటే, మిగిలిన వోల్టేజీ అంతా ఎల్‌ఎం317 వేడిగా మారుస్తుంది. ఎల్‌ఈడీకి సుమారు 3.1, రెసిస్టర్‌కి 1.25 పోగా 9 వోల్టుల్లో 4.65 మిగులుతుంది, 300 మిల్లీ ఆంప్‌ల దగ్గర అది 1.4 వాట్లు. అదే 12 వోల్టుల అడాప్టర్ పెడితే 2.3 వాట్లు, హీట్ సింక్ పెద్దది కావాలి. 5 వోల్టుల ఫోన్ చార్జర్‌తో కుదరదు, రెగ్యులేటర్‌కి ఊపిరాడదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. ఎల్‌ఎం317 వెనక రేకు దాని అవుట్ కాలికి కలిసే ఉంటుంది. రెండు రెగ్యులేటర్లనీ ఒకే హీట్ సింక్‌కి తిన్నగా బిగిస్తే రెండు చేతుల అవుట్‌లూ షార్ట్ అవుతాయి. విడివిడి హీట్ సింకులు, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి, లేదా మైకా షీటూ ప్లాస్టిక్ బుష్షూ వేయండి. ఇంకొకటి, వెలుగు నిలకడగా ఉంటుందని ఎల్‌ఈడీకి అడ్డంగా పెద్ద కెపాసిటర్ పెట్టకండి. ఎల్‌ఈడీ వైరు ఊడినప్పుడు అది పూర్తి వోల్టేజీకి చార్జ్ అయి, తిరిగి తగిలిన క్షణంలో అంతా ఎల్‌ఈడీలోకి దించేస్తుంది.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు టోగుల్ మధ్యలో ఉంచండి. 39 ఓం రెసిస్టర్ రెండు కొసల మధ్య మల్టీమీటర్ పెట్టండి, 1.25కి దగ్గరగా రావాలి. తర్వాత మిగతా రెండు స్థానాల్లోనూ చూడండి, అదే 1.25 ఉండాలి. పూర్తి వెలుగులో అది తగ్గిపోతే అడాప్టర్ బరువు మోయలేకపోతోందని అర్థం. అరగంట పూర్తి వెలుగులో వదిలేసి హీట్ సింకులు ముట్టుకోండి. ఐదు సెకన్లు వేలు ఉంచగలగాలి. లేకపోతే పేస్ట్ సరిగ్గా అంటలేదు, విప్పి మళ్లీ బిగించండి.

ఎక్కడ బిగించాలి

మైక్రోస్కోపు తలకి బిగించకండి. ఫోకస్ తిప్పిన ప్రతిసారీ లైటు కూడా ఎక్కి దిగుతుంది, నీడ మారిపోతుంది. స్టాండ్ అడుగు పళ్లేనికో, బెంచ్‌కో బిగించండి. మనం జరిపేది బోర్డుని. లెన్స్ కింద చూసే చోటు కదలదు కాబట్టి వెలుతురు అక్కడే ఉంటుంది.

కుడిచేతి వాటం వాళ్లకి ఐరన్, హాట్ ఎయిర్ కుడి నుంచి వస్తాయి. గట్టి లైటుని 10 గంటల వైపు, బంతి లైటుని 2 గంటల వైపు వెనక్కి పెట్టండి. తలలు బోర్డుకి కనీసం జానెడు దూరంలో ఉండాలి. హాట్ ఎయిర్ వాడేటప్పుడు బంతి చేతిని పూర్తిగా వెనక్కి వంచేయండి. లెన్స్ కింద జాగా చాలడం లేదనిపిస్తే 0.5ఎక్స్ బార్లో లెన్స్ (మైక్రోస్కోపు లెన్స్ కింద బిగించే అదనపు లెన్స్) వేసుకోండి. లెన్స్‌కీ బోర్డుకీ మధ్య మామూలుగా 10 సెంటీమీటర్లు ఉండే దూరం 16 దాటుతుంది, చేతులకీ లైటుకీ చోటు దొరుకుతుంది.

ఏ పనికి ఏ వెలుతురు

ఐసీ మీద లేజర్‌తో చెక్కిన నంబరు చదవాలంటే గట్టి లైటొక్కటే, బాగా కిందికి, 15 డిగ్రీలు. చదవలేకపోతే లైటుని కాదు, బోర్డుని గుండ్రంగా తిప్పండి, ఎక్కడో ఒకచోట అక్షరాలు తేలతాయి. పగిలిన జాయింట్లు వెతకడానికి 30 డిగ్రీలు, ఒకసారి చూశాక బోర్డుని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి. వెలుతురు వచ్చే దిశలోనే సాగే పగులుకి నీడ పడదు, ఇంకో దిశలోనే దొరుకుతుంది. సోల్డరింగ్ చేసేటప్పుడు రెండు లైట్లూ 45 డిగ్రీల్లో, బంతిది కాస్త ఎక్కువగా పెట్టండి. స్టీల్ షీల్డ్ ఉన్న బోర్డు పెట్టేటప్పుడు వెలుగు ముందే తగ్గించండి. ఆ మెరుపు ఐపీస్‌లోంచి తిన్నగా కంట్లో కొడుతుంది.

మెరుపు అసలే వద్దనుకుంటే

పాత ఎల్‌సీడీ డిస్‌ప్లేలు మన దగ్గర కుప్పలు. వాటికి ముందూ వెనకా అంటించి ఉండే పోలరైజర్ ఫిల్ములు (ఒకే దిశలో ఊగే వెలుతురునే పోనిచ్చేవి) జాగ్రత్తగా ఒలిచి తీయండి. ఓఎల్‌ఈడీ డిస్‌ప్లేలవి వద్దు, వాటి తీరు వేరు. ఒక ఫిల్ము ముక్కని గట్టి లైటు ముందు, వేడి తగలకుండా ఒకటిన్నర సెంటీమీటరు ఎడంగా పెట్టండి. మసకగా, గరుకుగా ఉన్న ఫిల్ము ఇక్కడ పనికొస్తుంది. పారదర్శకంగా ఉన్నదాన్ని ఒక ప్లాస్టిక్ మూతకి రంధ్రం చేసి అంటించి, మైక్రోస్కోపు లెన్స్ కింద తొడగండి. లెన్స్‌కి మాత్రం గమ్ తగలనివ్వకండి.

ఇప్పుడు బంతి లైటు ఆపి, కింది మూతని మెల్లగా తిప్పండి. ఒక చోట సోల్డర్ మెరుపులన్నీ ఆరిపోతాయి. లోహం మీద అద్దంలా పడి తిరిగొచ్చే వెలుతురు తన పోలరైజేషన్ మార్చుకోదు, రెండో ఫిల్ము దాన్ని ఆపేస్తుంది. బోర్డు రంగు, ఫ్లక్స్ మరకలు, ఐసీ మీద అక్షరాల నుంచి చెదిరి వచ్చే వెలుతురులో కొంత మాత్రం లోపలికి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు ఆ మూతనే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. వెలుతురు బాగా తగ్గిపోతుంది కాబట్టి టోగుల్‌ని పూర్తి వెలుగు వైపు వేయండి. సోల్డర్ నాణ్యత చూడటానికి మాత్రం ఇది పనికిరాదు, మెరుపే పోయాక జాయింటు నల్లటి ముద్దలా ఉంటుంది. అప్పుడు మూత తీసేయండి.

శుభ్రం చేసేటప్పుడు

ఫ్లక్స్ పొగ వారంలోనే లైటు తలల మీద పసుపు పొరలా పేరుకుంటుంది. అలవాటు కొద్దీ ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తీసుకుని తుడిచేయకండి. ఎల్‌ఈడీ లెన్స్ సాధారణంగా యాక్రిలిక్, ఐపీఏ తగిలితే సన్నని పగుళ్లు పడతాయి. సబ్బు నీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డ చాలు. హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ముని పెయింట్ బ్రష్‌తో దులపండి. వంపు గొట్టం పదే పదే వంగే చోట లోపలి వైరు తెగుతుంది, లైటు మిణుకుమంటే ముందు అక్కడే చూడండి.

పాత రింగ్ లైట్ ఉంచుకోండి. బోర్డు మీద చేరాల్సిన చోటు తక్కువ జూమ్‌లో వెతుక్కోవడానికి అది బాగుంటుంది. చోటు దొరికాక రింగ్ ఆపి, 10 గంటల వైపు లైటు వేయండి.